ఫిల్మ్ రోళ్ల ఖర్చే కెమెరా బడ్జెట్‌కు కొలత

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఒక పాఠకుడు ముప్పై ఏళ్లుగా ఫిల్మ్ కెమెరాతో గుడులు, జాతరలు, పాత ఇళ్లు ఫొటోలు తీస్తున్నారు. ఇప్పుడు ఒక్కో రోలు 1,300 రూపాయలు పడుతోందని, దగ్గర్లో ల్యాబు లేక హైదరాబాద్‌కు పంపితే కడిగి స్కాన్ చేసినందుకు 550, రానుపోను కొరియర్‌కు 150 అవుతున్నాయని, ఏడాదికి 8 రోళ్లు వాడతానని రాశారు. పింఛను నెలకు 34,000. కెమెరా కోసం దాచినవి 15,000. వైద్యం కోసం లక్షన్నర ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 14,500కు దొరికే చిన్న కొత్త డిజిటల్ కెమెరా కొనాలా, 72,000 కెమెరాను 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాల) మీద తీసుకోవాలా, మేనల్లుడు హైదరాబాద్‌లో చూసిన సెకండ్‌హ్యాండ్ సోనీ ఆర్ఎక్స్100 మూడో మోడల్‌ను 28,000 పెట్టి కొనాలా అన్నది ఆయన సందేహం. ఫోన్ ఉండగా కెమెరా ఎందుకని కుమారుడు అంటున్నారట. పాత కెమెరా అమ్మేయమంటారా అని కూడా అడిగారు.

జవాబు: మాస్టారికి నమస్కారం. మీరు ఖర్చులన్నీ విడివిడిగా రాయడం వల్ల నా పని తేలికైంది. రోలు, కడగడం, కొరియర్ కలిపితే 2,000 రూపాయలు. దాన్ని ఒక రోలులోని 36 ఫ్రేములకు, అంటే ఫొటోలకు, పంచితే మీరు మీట నొక్కిన ప్రతిసారీ 55 రూపాయల పైచిలుకు ఖర్చవుతోంది. ఏడాదికి 16,000, అయిదేళ్లకు 80,000. ఫిల్మ్ కెమెరా విషయంలో ఈ ఖర్చు కొద్దికొద్దిగా జారిపోతుంది కనుక ఇంటి లెక్కల్లో కనిపించదు. డిజిటల్ కెమెరా మాత్రం దాదాపు మొత్తం ఖర్చునూ మొదటి రోజే మన ముందు పెడుతుంది. అందువల్ల కెమెరాకు ఎంత పెట్టవచ్చో నెలవారీ వాయిదాను బట్టి కాకుండా, ఇకపై రోళ్ల మీద ఎంత మిగులుతుందో దాన్ని బట్టి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. రెండు మూడేళ్ల రోళ్ల ఖర్చుతో తీరిపోయే కెమెరా మీకు తగినది.

72,000 కెమెరా ఈ కొలతకు నిలవదు. సున్నా శాతం వడ్డీ అన్న భావనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేకపోవడం ఉండదు, అమ్మేవారు దానిని ముందుగానే డిస్కౌంటు రూపంలో సర్దుతారు, అంతే. ఉదాహరణకు వడ్డీ రేటు 15 శాతం అనుకుంటే, నెలకు 6,000 చొప్పున 12 నెలలు కట్టే 72,000లో అసలు దాదాపు 66,500, వడ్డీ 5,500. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 1,000 రూపాయలు, మీ కార్డు బిల్లులోకే వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. రొక్కంతో కొనేవారు బేరమాడితే ఆ 5,500లో కొంతైనా తగ్గే అవకాశం ఉంటుంది కాబట్టి, ఈఎంఐ తీసుకున్నవారు దానినీ వదులుకున్నట్లే. వీటన్నిటినీ మించి, 34,000 పింఛనులో నెలకు 6,000 ఏడాది పాటు కట్టుబడిపోవడం నాకు నచ్చడం లేదు. ఏ నెలలోనైనా వైద్య ఖర్చు వచ్చి కార్డు బకాయి పడితే, నెలకు 3 శాతానికి పైగా వడ్డీ వేసే కార్డులే ఎక్కువ.

14,500 కెమెరా చౌకగా కనిపిస్తుంది. కానీ మీరు తీసే ఫొటోలకు అది సరిపోదని నా భయం. కారణం సెన్సర్, అంటే డిజిటల్ కెమెరాలో ఫిల్మ్ స్థానంలో వెలుతురును పట్టే పలక. మీ ఫిల్మ్ ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. చౌక కాంపాక్ట్ కెమెరాల్లో ఎక్కువగా ఉండే సెన్సర్ సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. మీ మేనల్లుడు చూసిన ఆర్ఎక్స్100లో ఉండే, ఒక అంగుళం సెన్సర్ అని పిలిచేది 13.2కు 8.8, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. చిన్నదానికి నాలుగు రెట్లు. (ఆ సెన్సర్ ఏ వైపు కొలిచినా అంగుళం ఉండదు. పాత టీవీ కెమెరా ట్యూబుల కొలతల నుంచి వచ్చిన పేరది, అందుకే దుకాణంలో పేరు కన్నా మిల్లీమీటర్లు అడగడం మంచిది.) శ్రీముఖలింగం గుడి లోపల ఫ్లాష్ లేకుండా శిల్పాన్ని తీయాలంటే, ఎంత వెలుతురు సెన్సర్ మీద పడుతుందన్నదే అసలు సంగతి. చిన్న సెన్సర్ అక్కడ చుక్కలు చుక్కలుగా, రాతి గీతలు అలికేసినట్లుగా చూపిస్తుంది.

మెగాపిక్సెళ్ల అంకె (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు, ఫొటోను కూర్చే చుక్కలు) చూసి మాత్రం ఆకర్షితులు కావద్దు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 4×6 ప్రింటుకు 1200 బై 1800, అంటే 21.6 లక్షల పిక్సెళ్లు చాలు, 8×12కు 86.4 లక్షలు. మీరు చెప్పిన మూడు కెమెరాల్లో ఏదైనా ఆ మేరకు ఇస్తుంది.

మీ అబ్బాయి మాటలోనూ నిజముంది, దాన్ని పరీక్షించకుండా డబ్బు పెట్టవద్దు. ఆయన ఫోన్ తీసుకుని సాయంత్రం వేళ గుడి మండపంలో నాలుగు ఫొటోలు తీయండి, వాటిలో రెండింటిని 8×12 సైజులో ప్రింటు వేయించండి, మీ పాత ఆల్బమ్ పక్కన పెట్టి పగటి వెలుగులో చూడండి. మీకు తృప్తి కలిగితే 15,000 అలాగే బ్యాంకులో ఉండనివ్వండి. నిజంగా చెబుతున్నాను, అదే అన్నిటికన్నా లాభమైన దారి. తృప్తి కలగకపోతే, వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి తీయడమే మీకు అలవాటు అనిపిస్తే, అప్పుడు మూడో దారి పట్టండి.

మీ మేనల్లుడు మంచి కెమెరానే చూశారు. ఆర్ఎక్స్100 మొదటి మోడల్ 2012లో వచ్చింది. దానికీ, రెండోదానికీ లోపల వ్యూఫైండర్ లేదు. 2014లో వచ్చిన మూడో మోడల్‌కు పైకి లేచే వ్యూఫైండర్ పెట్టారు. ఎండలో వెనుక తెర కనిపించక ఇబ్బంది పడే వయసులో ఇది చిన్న సౌకర్యం కాదు. దాని లెన్స్ మీ ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 నుంచి 70 మిల్లీమీటర్ల వరకు, ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/1.8 నుంచి 2.8 వరకు ఉంటుంది కాబట్టి జూమ్ చేసినా వెలుతురు మరీ పడిపోదు. దూరంగా ఉన్న గోపుర శిఖరం మాత్రం దగ్గరకు రాదు, అది ముందే తెలిసి కొనాలి.

సెకండ్‌హ్యాండ్ కాంపాక్ట్ విషయంలో నాకు ఒక చేదు అనుభవం ఉంది. ఒక దుకాణంలో పైకి తళతళలాడుతున్న కెమెరాను చూసి, ఆన్ చేసి రెండు ఫొటోలు తీసి, డబ్బు కట్టి తెచ్చుకున్నాను. మూడో వారంలో లెన్స్ సగం బయటకు వచ్చి, గరగరమని శబ్దం చేసి, అలాగే నిలిచిపోయింది. మరమ్మతుకు అడిగిన మొత్తం కెమెరా ధరలో సగం కన్నా ఎక్కువ. అందుకే మీ మేనల్లుడికి ఈ పని అప్పగించండి. కెమెరాను ఇరవై సార్లు ఆన్ ఆఫ్ చేసి లెన్స్ చప్పుడు చెవి పెట్టి వినాలి. జూమ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిప్పాలి. తరువాత బయటకు వచ్చి ఎపర్చర్ ఎఫ్/11 మీద పెట్టి నిర్మలమైన ఆకాశాన్ని ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి మూలమూలా చూడాలి. మసక మచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరిందని అర్థం. లెన్స్ మార్చే కెమెరాల్లో దానిని తుడవవచ్చు, ఇలాంటి కెమెరాలో విప్పితే గానీ కుదరదు. బ్యాటరీ ఉబ్బి ఉందేమో చూడాలి. బిల్లు మీద సీరియల్ నంబరు, కనీసం నెల రోజుల హామీ చేతిరాతతోనైనా రాయించుకోవాలి. అవి ఇవ్వనంటే 28,000 అక్కడ పెట్టవద్దు.

ఇక డబ్బు. కెమెరా 28,000, అదనపు బ్యాటరీ, పేరున్న కంపెనీ మెమరీ కార్డు, ఫొటోల రెండో కాపీ దాచుకోవడానికి ఒక హార్డ్ డిస్క్, వీటికి మరో 6,000 అనుకుందాం. మొత్తం 34,000. (డిస్క్‌ను అనవసర ఖర్చు అనుకోవద్దు. ఫిల్మ్‌కు నెగెటివ్ ఉంటుంది, కార్డు చెడిపోతే ఏమీ మిగలదు.) మీ దగ్గర 15,000 ఉన్నాయి, కావలసినవి 19,000. నెలకు 2,400 చొప్పున 8 నెలలు వేస్తే 19,200 అవుతుంది. ఇందులో 1,333 మీరు ఇప్పటికే రోళ్ల మీద నెలనెలా పెడుతున్నదే కనుక, పింఛను మీద పడే కొత్త భారం 1,070 లోపు. ఆ ఎనిమిది నెలలూ కొత్త రోళ్లు కొనకుండా ఉండాలి, అది మీకు కష్టమని తెలుసు. ఈ జూన్‌లో మొదలుపెడితే జనవరి ఆఖరుకు డబ్బు చేతికి వస్తుంది. శివరాత్రి తరువాత వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానానికి కొత్త కెమెరాతో వెళ్లవచ్చు. వైద్యం కోసం ఉంచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి మాత్రం ఒక్క రూపాయికి కూడా వెళ్లవద్దు.

పాత కెమెరాను ఇప్పుడే అమ్మకండి. డిజిటల్‌తో ఆరు నెలలు గడిచాక దాన్ని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. ఏడాదికి రెండు రోళ్లు మీ సంతోషం కోసం వాడుకుంటానంటే నేను అడ్డు చెప్పను. ఏటా మిగిలేది 16,000 బదులు 12,000 అవుతుంది, పెట్టిన 34,000 రెండేళ్ల రెండు నెలల్లోపు కాక రెండేళ్ల పది నెలలకు తీరుతుంది. అంతవరకు ఆ పాత కెమెరాలోని బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో గాలి చొరకుండా మూసి ఉంచండి. లోపల సగం వాడిన రోలు ఉంటే ముందు అది పూర్తి చేసి కడిగించండి.