ఫ్రెంచ్ ‘రెస్తే’కి ఇంగ్లీషులో స్టేనా, రిమైనా, లెఫ్టా?

మీరు అడిగింది: రెస్తే అనే క్రియకి డిక్షనరీలో స్టే, రిమైన్, బి లెఫ్ట్ అని మూడు అర్థాలున్నాయి, ఏది ఎప్పుడు వాడాలి, రెస్ట్ తీసుకోవడం అనే అర్థం కూడా ఉందా అని.

ఆఖరిదానికి ముందు చెప్తాను. లేదు. విశ్రాంతికి స రెపోజే అని వేరే క్రియ ఉంది. స్పెల్లింగ్ ఇంగ్లీషు రెస్ట్‌కి ఇ, ఆర్ తగిలించినట్టు ఉంటుంది కాబట్టి అనుమానం రావడం సహజమే. అసలు ఇంగ్లీషులోనే రెండు రెస్ట్‌లున్నాయి. అలిసిపోతే తీసుకునే రెస్ట్ పాత ఇంగ్లీషు మాట. ‘మిగతాది’ అని చెప్పే ది రెస్ట్ మాత్రం ఫ్రెంచ్ నుంచి వచ్చింది, మన రెస్తేకి చుట్టం.

నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ క్రియ రోజూ చెవిన పడేది. నన్నడిగితే దీనికి ఇంగ్లీషు కన్నా తెలుగే దగ్గర. ఉండటం, మిగలడం, ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే చాలు.

మనిషి కర్త అయితే సాధారణంగా ఉండటమే. ‘జ రెస్త్ ఇసి’ అంటే నేను ఇక్కడే ఉంటాను, ఇంగ్లీషులో స్టే. రిమైన్ అంటే కాస్త పుస్తక భాష, అంతకన్నా పెద్ద తేడా ఏం లేదు.

‘ఇల్ రెస్త్’ అని మొదలైతే మాత్రం చాలాసార్లు మిగలడమే. (‘అతను ఉంటాడు’ అనడానికీ అదే మాట, సందర్భం చూసుకోవాలి.) సాయంత్రం ఆలస్యంగా బేకరీకి వెళ్లి బాగెత్ (పొడుగాటి బ్రెడ్) అడిగితే, కౌంటర్ వెనకావిడ ఖాళీ అర వైపు చూపించి ‘ఇల్ నాన్ రెస్త్ ప్లు’ అనేది. అయిపోయాయండీ అని. ఇంగ్లీషులో నన్ లెఫ్ట్. ‘ఇల్ మ రెస్త్ వాంత్ ఎరో’ చూడండి: నాకు ఇరవై యూరోలు మిగిలాయి. ఆ ‘మ’ అచ్చంగా మన ‘నాకు’. ఇంగ్లీషువాడు దీన్ని తిప్పి ఐ హావ్ ట్వంటీ యూరోస్ లెఫ్ట్ అనాలి, మనకా బాధ లేదు. ఫ్రిజ్‌లో రాత్రి మిగిలిన కూరని కూడా ‘లే రెస్త్’ అంటారు.

భూతకాలంలో దీనికి సహాయక క్రియగా అవ్వార్ (ఇంగ్లీషు హావ్) కాదు, ఎత్ర్ (ఇంగ్లీషు బి) రావాలి: ‘జ సుయి రెస్తే’. ఆడవాళ్లు రాసేటప్పుడు చివర ఇంకో ఇ చేర్చాలి, పలకడంలో మార్పుండదు. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

హోటల్లో దిగాను అనడానికి లోజే వాడటం మేలు. ‘జ రెస్త్ ఆ లోతెల్’ అంటే బయటికి రాను, హోటల్లోనే ఉంటాను అని అర్థం చేసుకునే అవకాశం ఉంది.

మీరు కెనడా వెళ్లే ఆలోచనలో ఉంటే ఇంకొకటి. క్యుబెక్‌లో ‘తు రెస్త్ ఊ?’ అంటే మీరుండేది ఎక్కడ అని. మనం ‘ఎక్కడుంటారు?’ అన్నట్టే. ఫ్రాన్స్‌లో దీనికి అబితే వాడతారు. క్యుబెక్‌లో ఎవరైనా అలా అడిగితే మీ వీధి పేరు చెప్పండి.