వాడిన క్రిస్మస్ చెట్టుకు నీళ్లు పెట్టే ముందు

చి. హరికి,

ఫొటోలు చూశాను. మోర్‌పంఖి (తూజా) మొక్క లోపలి ఆకు గోధుమరంగు తిరిగిందని కంగారుపడొద్దు, ముదురాకు అలా రాలడం మామూలే. కొనల నుంచి ఎండుతున్న క్రిస్మస్ చెట్టు సంగతే చూడాలి. పసిఫిక్‌లోని నార్‌ఫోక్ ద్వీపంలో సముద్రపు గాలికి పుట్టిన జాతి అది, తిరుపతి ఎండ దానికి శిక్షే.

మందారానికి దాహమేస్తే ఆకు వాల్చి చెబుతుంది. కోనిఫర్ (మన ఈ రెండు చెట్ల లాంటి, పూలు కాక శంకువులు కాసే జాతి) చెప్పదు. తడి తగ్గగానే ఆకురంధ్రాలు మూసుకుని బిగబట్టుకుంటుంది. వారాల తర్వాత రంగు మారేసరికి సన్నవేర్లు ఎప్పుడో చచ్చి ఉంటాయి. కొయ్యలో నీరెక్కే సన్న గొట్టాల్లో గాలిబుడగలు చేరతాయి. గాలి పక్క గొట్టానికి పాకకుండా గొట్టాల గోడల్లోని చిన్న బిళ్లలు అడ్డం పడతాయి గానీ, గాలి పట్టిన గొట్టం చాలావరకు పోయినట్టే. కొత్త కొయ్య పెరిగితేనే మళ్లీ దారి. అందుకే నీళ్లు అందాక కూడా కోలుకోవడానికి ఏళ్లు పట్టొచ్చు. (సరుగుడును చూసి లెక్కలు వేయకు. ఆకు సూదిలా ఉన్నా అది కోనిఫర్ కాదు.)

ముందు కొమ్మను కొన నుంచి మొదలు వైపు గోటితో గీకుతూ రా. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణముంది. ఎండినంత వరకే కోయి. క్రిస్మస్ చెట్టు తల తుంచితే ఆకారం పోతుంది. పోయిన కింది కొమ్మ మళ్లీ రాదు. మోర్‌పంఖినీ ఆకులేని ముదురు కొయ్యలోకి కోస్తే చిగురించదు.

రోజూ చెంబెడు నీళ్లు పోయడమే అసలు తప్పు, వేర్లు పైపైకి వచ్చి మాడతాయి. ఆరడుగుల చెట్టుకు కొమ్మల అంచు కింద మూడడుగుల పాది తీసి, ఐదారు రోజులకోసారి సాయంత్రం మూడు బిందెలు నిదానంగా పోయి. మర్నాడు ఇనుప కడ్డీ మూరెడు లోతు సులువుగా దిగాలి. దిగకపోతే ఇంకో బిందె పోయి. దిగి, బురద అంటుకొస్తే గడువు పెంచు, ఊపిరాడక వేరు కుళ్లుతుంది. పాదిలో మూడంగుళాల శెనక్కాయ పొట్టు పరుచు. మొదలుకు జానెడు దూరంగా వెయ్యి, లేకుంటే చెదలు పడతాయి.

ఈ వేసవిలో యూరియా ముట్టుకోవద్దు. ఎండిన వేళ ఎరువు ఉప్పులా వేర్లలోని నీటిని ఇంకా లాగేస్తుంది. తెల్లకాగితం మీద కొమ్మ తట్టి చూడు, చుక్కలు కదిలితే ఎర్రనల్లి (రసం పీల్చే సన్న పురుగు) పట్టినట్టే. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టు. రోహిణి కార్తె దాటేదాకా పడమట నీడవల ఉంచు.

రెండు నెలలయ్యాక తలమొగ్గ ఫొటో పంపు.

మీ పెదనాన్న