పాఠం మనకు రాకపోయినా పిల్లల చేత చెప్పించుకోవచ్చు

మీ బాబు నాలుగో తరగతి, ఇంగ్లీష్ మీడియం. స్కూల్ నుంచి రాగానే ఫోన్ పట్టుకుంటాడు, పుస్తకం తీయమంటే ఏడుపు. మీరు తెలుగు మీడియంలో చదువుకున్నారు కాబట్టి పాఠాలు చెప్పలేకపోతున్నారు, ట్యూషన్‌లో వేయాలా అని అడిగారు. మా పాప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నా పరిస్థితి కూడా అచ్చం ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది ఖమ్మం. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. అందుకని ఇద్దరు పిల్లల చదువూ నా మీదే. పాప ఇప్పుడు ఏడో తరగతి, బాబు నాలుగు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, నేను మిషన్ తొక్కుతూ "చదువు, గట్టిగా చదువు" అని అరిచేదాన్ని. గొంతు ఆగితే చాలు, వీపు మీద ఒకటి పడేది. అది చదువుతోందా, నోరు ఆడిస్తోందా అన్నది నాకు తెలిసేది కాదు. ఇంగ్లీష్ శబ్దం వినిపిస్తే చదువు సాగుతోందని అనుకునేదాన్ని. ఒకరోజు ఒక కస్టమర్ బట్టల సంచి విప్పితే అందులో మడతపెట్టిన సైన్స్ యూనిట్ టెస్ట్ పేపర్ దొరికింది. 20కి 7. ఎందుకు దాచావని అడిగితే, "కొడతావని" అంది. తొమ్మిదేళ్ల పిల్ల! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే దాన్ని దగ్గరకు తీసుకుని, చదువు కోసం ఇంకెప్పుడూ కొట్టనని మాటిచ్చాను. ఆ మాట తప్పలేదు. మీ ఇంట్లో కూడా దెబ్బలు ఉంటే దయచేసి ముందు అవి ఆపండి. భయం ఉన్నంతకాలం పిల్లలు తమకు రానిది మన దగ్గర దాస్తారు. ఏది రాదో తెలియకపోతే మనం సాయం చేయలేం.

ఆ పేపర్‌లో తప్పు పోయిన ప్రశ్నల్లో ఒకటి ఎవాపరేషన్ మీద. పరీక్షకు ముందు రోజు రాత్రి ఆ జవాబును పాప నా ముందే గడగడా అప్పజెప్పింది. కానీ అదేంటో దానికి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట తెలియదు. మర్నాడు బ్లౌజుకు వేసే లైనింగ్ గుడ్డ నానబెట్టి ఆరేస్తున్నాను. కుట్టాక ముడుచుకుపోకుండా ముందే తడపాలి కదా. పాపను పిలిచి, "ఈ నీళ్లన్నీ సాయంత్రానికి ఎక్కడికి పోతాయి?" అన్నాను. "ఆవిరైపోతాయి" అంది. రెండు క్షణాలు ఆగి, "అమ్మా, ఎవాపరేషన్ అంటే ఇదేనా?" అంది. ఆ మొహంలో వెలుగు ఇప్పటికీ గుర్తుంది. ఆ పాఠాన్ని అది మళ్లీ మర్చిపోలేదు.

అప్పుడే నాకు అర్థమైంది. నాకు ఇంగ్లీష్ రాకపోయినా దానికి సాయం చేయగలను, అది చదివినదాన్ని నాకు తెలుగులో చెప్పించుకుంటే చాలు. అప్పటి నుంచి మా ఇంట్లో "చదువు" అనడం తగ్గింది, "ఏం చదివావో చెప్పు" అనడం పెరిగింది. ఒక పేరా రెండుసార్లు చదువుతుంది, పుస్తకం మూస్తుంది, నాకు తెలుగులో చెబుతుంది. నేను కుడుతూనే వింటాను. అర్థం కాకపోతే అర్థం కాలేదనే అంటాను. అది నటన కాదు, నిజంగానే చాలావాటికి నాకు అర్థం తెలియదు. అప్పుడు అది మళ్లీ పుస్తకం తీసి చూసుకుని ఇంకోలా చెబుతుంది. ముఖ్యమైన ఇంగ్లీష్ మాటలు మాత్రం తెలుగు అర్థంతో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటుంది.

మా తమ్ముడు ప్రభుత్వ టీచర్. నేను చేస్తున్నది విని, దీనికి పరిశోధన కూడా ఉందని చెప్పాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు రెండు పాఠాలు ఇచ్చి, ఒకదాన్ని రెండోసారి చదవమన్నారు, ఇంకోదాన్ని చూడకుండా గుర్తున్నంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివిన పాఠమే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే తారుమారైంది. గుర్తు తెచ్చుకుని రాసిన పాఠం సగటున 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినది 42 శాతమే. రాత్రి అప్పజెప్పిన పిల్ల నాలుగు రోజులకు ఎందుకు మర్చిపోతోందో అది విన్నాక నాకు తెలిసింది.

దాంతో ఇంకో పద్ధతి పెట్టుకున్నాం. ఖాళీ అయిన బటన్ల డబ్బా ఒకటి ఉంటే, పాఠం అయ్యాక పాప తనే రెండు మూడు ప్రశ్నలు చీటీల మీద రాసి అందులో వేస్తుంది. రోజూ సాయంత్రం నేను రెండు పాత చీటీలు తీస్తాను. పదిహేను రోజుల కిందటి ప్రశ్న కూడా వస్తుంది. చెప్పగలిగితే సరే, లేదంటే చీటీ మళ్లీ డబ్బాలోకి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా సరదాగా ఒక చీటీ తీసి అడుగుతుంటారు. ఆ పూట దాని హుషారు చూడాలి.

లెక్కల్లో భిన్నాలకు నా టేపే పనికొచ్చింది. పావు అంగుళం, అర, ముప్పావు, ఇవి పాప చిన్నప్పటి నుంచి వింటున్న మాటలే. పుస్తకంలో ఒకటి బై నాలుగు అంటే పావు అని తెలిశాక భయం పోయింది. మీకు కుట్టుపని లేకపోయినా వంటింట్లో పావుకిలో, అరలీటరు ఉంటాయి కదా.

ఇక టైమ్ సంగతి. మా అత్తయ్య ఏడింటి నుంచి సీరియల్స్ చూస్తారు. ఒకే గది, టీవీ కట్టేయమని పెద్దావిడను బాధపెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే ఆరు నుంచి ఏడు వరకు చదువు అని పెట్టుకున్నాం. రాగానే పుస్తకం తీయమనను. కాళ్లు కడుక్కుని, ఏదో ఒకటి తిని, వీధిలో ఆడుకుని వస్తారు. మొదటి వారం 20 నిమిషాలే కూర్చోబెట్టాను, గంట అవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. పెళ్లిళ్ల సీజన్‌లో నాకు పని ఎక్కువై రోజులు తప్పిపోతాయి కూడా. తప్పిన మర్నాడు మళ్లీ ఆరింటికే మొదలుపెడతాం, ముందు రోజుది కలిపి చేయమని ఒత్తిడి పెట్టను.

ఫోన్ గురించి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నట్టున్నారు. మాకూ హోంవర్క్ వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది. దాని కోసం ఫోన్ ఇస్తే వీడియోల్లోకి వెళ్లిపోయేవాళ్లు. అందుకే హోంవర్క్ నేనే చూసి డైరీలో రాసి ఇస్తాను. ఆ గంటసేపు ఫోన్ మిషన్ సొరుగులో ఉంటుంది, నేనూ తీయను. ఏడు దాటాక ఫోన్ చేయమని కస్టమర్లకు చెప్పేశాను. నేను చూస్తూ వాళ్లను వద్దంటే ఎలా వింటారు?

మా బాబు తీరు వేరు. పావుగంట కంటే ఎక్కువ కూర్చోలేడు, గుమ్మంలో అటూ ఇటూ నడుస్తూ చెబుతాడు. చెప్పనిస్తున్నాను. తెలుగు పాఠం వాళ్ల నానమ్మకు చదివి వినిపిస్తాడు, ఒత్తు తప్పితే ఆవిడే సరిచేస్తారు.

ఒక చిట్కా: ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఇలా వస్తున్నాయి. మీ బాబు ప్రైవేట్ స్కూల్లో చదువుతున్నా సరే, ఆ తరగతి ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం), లెక్కల పుస్తకాలు ఒక సెట్ ఇంట్లో ఉంచుకోండి. పాఠాలు అన్నీ ఒకటే కాకపోయినా చాలా విషయాలు కలుస్తాయి. మధ్యాహ్నం ఖాళీ ఉన్నప్పుడు తెలుగు పేజీ నేను చదువుకునేదాన్ని. సాయంత్రం పాప చెబుతుంటే ఎక్కడ తడబడుతోందో తెలిసేది.

ట్యూషన్ గురించి కూడా చెబుతాను. మేము పాపను ఏడు నెలలు పంపాం. అక్కడ హోంవర్క్ జవాబులు బోర్డు మీద రాసేవారు, పిల్లలు ఎక్కించుకునేవారు. నోట్స్ నిండేది, మార్కులు రాలేదు, మాన్పించాం. అలాగని ట్యూషన్ వద్దని అనను. ఈ ఏడాది బీజగణితం నా వల్ల కాక లెక్కలకు మాత్రం మళ్లీ పంపుతున్నాను. నాలుగో తరగతికి అయితే ఇప్పుడే తొందర లేదనే నా అభిప్రాయం. రెండు నెలలు బాబు చేత ఇంట్లోనే చెప్పించుకుని చూడండి. ఏ సబ్జెక్ట్‌లో ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నాడో ఇక్కడ రాయండి, మా తమ్ముణ్ని అడిగి చెబుతాను.