మొక్కులు, ఒక్కపొద్దులు, పొట్ట ఆపరేషన్

మీ బరువు 108 కిలోలని, షుగర్ ఉందని, డాక్టరు పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ సూచించారని రాశారు. దేవుడిచ్చిన అవయవాన్ని కోయించుకోవడం పాపమని, భక్తి ఉంటే ఉపవాసాలతోనే తగ్గవచ్చని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని, మీ మనసులోనూ ఆ భయమే ఉందని కూడా రాశారు. నేను హనుమకొండలో ఉండే ఉపాధ్యాయురాలిని. 2022 జులైలో హైదరాబాద్‌లో ఆ ఆపరేషనే చేయించుకున్నాను. అప్పటికి నా బరువు 112 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ (ఎత్తుతో బరువును పోల్చే లెక్క) 45కు దగ్గర. శాస్త్రాలు చదివినదాన్ని కాను కనుక, మా ఇంట్లో జరిగిన వాదనలో నాకు అర్థమైనంత వరకే చెబుతాను.

మా అత్తమ్మ మొదటి రోజే "దేవుడిచ్చిన పొట్టను కోసి పారేస్తవా బిడ్డా?" అని అడిగింది. ఆమెకు నలభై ఏళ్ల వయసులో గర్భసంచి తీశారు, ఆ తర్వాత రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ మాట గుర్తు చేస్తే కొంచెం కూడా తడుముకోకుండా, "అది రోగం, ఇది తిండి" అంది. నేను చాలా రోజులు ఆలోచించింది ఈ ఒక్క మాట గురించే. మన పెద్దవాళ్లకు నిజంగా కోతతో పేచీ లేదు. అపెండిక్స్ తీయించుకున్నవాళ్లను ఎవరూ పాపం చేశావని అనరు. లావు కావడం రోగం కాదని, నోరు కట్టుకోలేకపోవడం వల్ల వచ్చిన తప్పని, తప్పుకు శిక్ష పడాలి తప్ప వైద్యం చేయించకూడదని వారి నమ్మకం. దానికి పాపం అనే పేరు పెడతారు. మీ ఇంట్లో కూడా వాదన అక్కడే ఉందేమో ఒకసారి గమనించండి.

ఉపవాసాల విషయంలో నా తప్పు కూడా ఒప్పుకోవాలి. పదకొండేళ్లు శనివారం ఒక్కపొద్దు ఉన్నాను. వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి ఉన్నా, ఆదివారం పొద్దున లేవగానే చూసుకున్నది స్వామి పటాన్ని కాదు, బరువు చూసే మిషన్‌ను. ముల్లు కదలకపోతే స్వామి మీద అలిగేదాన్ని కూడా. పగలంతా కడుపు మాడ్చుకొని, రాత్రి ఫలహారం పేరుతో నాలుగు ఉప్పుడు పిండి ముద్దలు, పైన అరటిపళ్లు తినేదాన్ని. షుగర్ మాత్ర వేసుకొని అన్నం మానేసిన ఒక శనివారం, ఎనిమిదో తరగతి పిల్లల ముందు కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డాను. పిల్లలు పంచదార నీళ్లు తెచ్చి తాగించారు. దేవుడి ముందు పెట్టిన వ్రతాన్ని డైటింగ్‌గా వాడుకొని, ఆ డైటింగ్ ఫలించనందుకు నా భక్తిలోనే లోపం వెతుక్కున్నానని ఆ రోజు కాదు గానీ, చాలా తర్వాత తెలిసింది.

నోరు కట్టుకుంటే చాలదా అనే ప్రశ్నకు సర్జన్ చెప్పిన సమాధానం నాకు ఏ ప్రవచనం కన్నా ఎక్కువ ఊరటనిచ్చింది. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా పొట్ట పైభాగంలో తయారవుతుంది. తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు ఒంట్లో అది పెరుగుతుంది కాబట్టి, తగ్గిన మనిషికి మునుపటి కన్నా ఎక్కువ ఆకలి వేస్తుంది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో పొట్టలో ఇంచుమించు ముప్పావు వంతు లేదా అంతకు కొంచెం ఎక్కువ తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత సన్నని గొట్టంగా స్టేపుల్ చేస్తారు. తీసేసిన భాగంతో పాటు గ్రెలిన్ చాలావరకు పోతుంది. అయితే ఇది తిరిగి వెనక్కి మార్చగలిగే ఆపరేషన్ కాదు. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం వంటి ప్రమాదాలు తక్కువే గానీ లేకపోలేదు. పాపభయం కన్నా ఈ భయాలు పడవలసినవి, డాక్టరును కూర్చోబెట్టి అడగవలసినవి. ఖర్చు సంగతి కూడా ముందే చూసుకోండి: ఆరోగ్య బీమా పాలసీల్లో ఈ ఆపరేషన్‌కు సాధారణంగా బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులో లేని షుగర్, నిద్రలో శ్వాస ఆగే తీవ్రమైన జబ్బు వంటివి తోడవ్వాలి.

నేను నిర్ణయం తీసుకున్నది మాత్రం బతుకమ్మ నాడు. 2021లో సద్దుల బతుకమ్మకు మా వాడలో ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతుంటే, మోకాళ్ల నొప్పితో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని చప్పట్లు కొట్టాను. అంతకు ముందు ఏడాది మడికొండ మెట్టుగుట్ట సగం ఎక్కి దిగివచ్చాను. సత్యనారాయణ వ్రతంలో పీట మీద కూర్చోలేక మా ఆయన పక్కన స్టూలు వేసుకున్నాను. దేవుడి దగ్గరకు నన్ను పోనీయకుండా అడ్డం పడుతున్నది ఆపరేషన్ కాదు, ఈ ఒళ్లేనని అప్పుడు అనిపించింది. ఆపరేషన్ వద్దన్న అత్తమ్మే, ముందు రోజు రాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడి, కోడలు క్షేమంగా బయటికి వస్తే మేడారంలో నా నిలువెత్తు బంగారం, అంటే నా బరువుకు సరితూగే బెల్లం, ఇస్తానని సమ్మక్కకు మొక్కింది.

ఆపరేషన్ తర్వాత ఆచారాల విషయంలో మీరు ముందే సిద్ధపడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటి రెండు వారాలు పలుచని ద్రవాలే, ఆ తర్వాత మెత్తగా నలిపినవి. పప్పు, పెరుగు, గుడ్డు, పాలు వంటి వాటితో రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. నీళ్లు భోజనంతో కలిపి కాక, విడిగా గుక్కగుక్కగా తాగాలి. అందుకే సర్జన్ నాకు ఏడాది వరకు ఏ ఉపవాసమూ వద్దన్నారు. వాంతులు ఆగకుండా అవుతుంటే బీ1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. దాన్ని వ్రత నియమం పేరుతో ఓర్చుకోకూడదు. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ జీవితాంతం వేసుకోవాలి. మీరు శాకాహారులైతే ఒక చిన్న విషయం: క్యాప్సూళ్ల పై తొడుగు సాధారణంగా జంతువుల నుంచి తీసిన జెలటిన్‌తో చేస్తారు కాబట్టి, మాత్రల రూపంలో ఇమ్మని అడగండి, ఎవరూ తమంతట తాము చెప్పరు. లడ్డూ ప్రసాదం చిటికెడు కళ్లకద్దుకొని నోట్లో వేసుకుంటే చాలు, మిగిలింది పిల్లలకు ఇవ్వండి. నాలుగో నెలలో నా జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చింది. తిరుపతిలో ఇవ్వకపోతే స్వామే తీసుకుంటున్నాడని మా ఆడబిడ్డ నవ్వించింది, ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చింది లెండి.

నాతో పాటు అదే వారంలో ఆపరేషన్ అయిన వరంగల్ మట్టెవాడ ముస్లిం సోదరి ఒకరు తరువాతి రంజాన్‌కు ఉపవాసాలు ఉండలేకపోయారు. రోగికి మినహాయింపు ఉందని, తర్వాత తీర్చుకోవచ్చని వాళ్ల ఇంట్లో పెద్దాయనే చెప్పారట. మన ఇళ్లలో ఆ మాట అంత తేలికగా చెప్పే పెద్దలు దొరకరు, వెతుక్కోవాలి. నేను ఉపవాసాలు మానడానికి మా అత్తమ్మను ఒప్పించింది అత్తమ్మ మేనత్తే: "స్వామి నీ ఆకలి అడగలేదు, నీ మనసు అడిగిండు" అంది. ఇప్పుడు శనివారం నాడు కబుర్లు, ఫోను మానేసి, తినవలసినవి వేళకు తింటూ దీపం పెట్టుకుంటున్నాను. దాన్ని ఒక్కపొద్దు అనవచ్చో లేదో నాకు ఇప్పటికీ కొంత అనుమానమే.

2024 ఫిబ్రవరి జాతర నాటికి నా బరువు 76 కిలోలు. మా వైపు ఆనవాయితీ ప్రకారం వేములవాడ రాజన్నను చూసివచ్చి, వరంగల్‌లో బెల్లం కొనడానికి పోతే, బెల్లంతో గుడుంబా (నాటుసారా) కాస్తారన్న భయంతో కొట్టువాడు ఆధార్ కార్డు అడిగాడు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మొక్కు తీర్చవలసింది ఏ బరువుకు అని. ఇప్పుడున్న 76 చాలని మా ఆయన. "మొక్కిన నాడు 112 ఉన్నది, తల్లికి లెక్క తక్కువ చేస్తమా?" అని అత్తమ్మ. చివరికి కాటా ఒక పక్కన నన్ను నిలబెట్టి, నా పక్కన పదకొండేళ్ల మా అబ్బాయిని ఎక్కించారు. వాడు 34 కిలోలు. మిగిలిన రెండు కిలోలకు అత్తమ్మ చేతిలోని సద్దిమూట మా కాళ్ల దగ్గర పెట్టింది.