విల్నియస్ మహా సినగాగ్ చరిత్ర రాస్తున్న అమ్మాయికి

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఉండిన యూదుల పెద్ద ప్రార్థనామందిరం, మహా సినగాగ్ మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. ముందు మొదటి వాక్యం కొట్టెయ్. ‘రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు విల్నియస్ మహా సినగాగ్‌ను నేలమట్టం చేశారు’ అని రాశావు. యుద్ధం ముగిసేసరికి ఆ కట్టడం కాలి, దెబ్బతిని ఉన్న మాట నిజమే. కానీ గోడలు నిలిచే ఉన్నాయి. వాటిని పడగొట్టింది సోవియట్ ప్రభుత్వం, 1955-57 మధ్య. ఆ తర్వాత ఆ స్థలంలోనే పిల్లల బడి వెలిసింది. ‘యుద్ధంలో పోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరు ఏం చేశారో మరుగున పడిపోతుంది. దాన్ని విడదీసి చూపించు, నీ వ్యాసానికి అదే ప్రాణం.

వార్సా సంగతి వేరు. అక్కడి మహా సినగాగ్‌ను 1943 మే 16న జర్మన్ అధికారి స్ట్రూప్ మందుపాతరతో పేల్చేశాడు. అక్కడ ఒక్కటే తేదీ, చేసినవాడూ ఒక్కడే. చాలామంది ఆ కథనే తెచ్చి విల్నియస్‌కు అతికిస్తారు. నువ్వు ఆ పొరపాటు చెయ్యకు.

వాక్యాలు రాసేముందు నాలుగు గళ్ల పట్టిక గీసుకో: తేదీ, జరిగింది, చేసినవారు, ఆధారం. 1941 జూన్ 24న జర్మన్లు ఊళ్లోకి వచ్చారు. సెప్టెంబరు 6న యూదులను బంధించి ఉంచే పేటలు, రెండు ఘెట్టోలు ఏర్పాటు చేశారు. సినగాగ్ ఉన్న పేట చిన్న ఘెట్టోలోకి పోయింది. అక్టోబరు కల్లా దాన్ని ఖాళీ చేసి, జనాన్ని ఊరి బయట పోనరీ అడవికి తీసుకెళ్లి కాల్చేశారు. నాజీల దోపిడీ దళమైన రోజెన్‌బర్గ్ బృందం గ్రంథాలయాలను దోచింది. పెద్ద ఘెట్టో 1943 సెప్టెంబరులో అంతమైంది. 1944 జులై 13న ఎర్రసైన్యం ఊరిని పట్టుకుంది. వీటిలో ప్రతిదానికీ ఒక వరస ఇవ్వు. మనుషులు, పుస్తకాలూ వస్తువులు, కట్టడం: ఈ మూడింటి నష్టాన్నీ మూడు రంగుల్లో రాసుకుంటే ఒకటి తర్వాత ఒకటి ఎలా పోయాయో కంటికి తెలుస్తుంది. గోడలు పడిపోయేనాటికి ఆ గోడల మధ్య ప్రార్థన చేసినవాళ్లలో అత్యధికులు ఏనాడో హతులయ్యారు. రాళ్ల గురించి రాస్తున్నామని ఆ వరస తప్పించకు తల్లీ. ‘చేసినవారు’ గడికి ఆధారం దొరక్కపోతే ఖాళీగా వదిలెయ్. ఊహతో నింపితే నీ తర్వాత వచ్చేవాళ్లు దాన్నే సాక్ష్యమంటారు.

ఇక పాత చరిత్ర. రాతి సినగాగ్‌కు రాజు అనుమతి వచ్చింది 1633లో. చర్చిల కన్నా ఎత్తు కాకూడదన్న కట్టడి ఉండటంతో నేలను వీధి మట్టం కన్నా బాగా లోతుకు తవ్వి కట్టారు. అందుకే బయటికి మూడంతస్తులుగా కనబడే కట్టడం లోపల అయిదంతస్తుల ఎత్తు ఉండేది. అగాధంలోంచి మొరపెట్టే 130వ కీర్తనతో ఈ లోతుకు సంబంధం చెబుతారు. రెండూ నీ వ్యాసంలో పెట్టు, కానీ మొదటిది చట్టమనీ రెండోది సంప్రదాయమనీ విడిగా చెప్పు. ఆ లోతు వల్లే మనకు మేలు జరిగింది. పైనున్నదంతా కూలగొట్టినా అడుగుభాగం మట్టి కింద మిగిలిపోయింది.

కట్టడం ఒక్కటే రాసి ఊరుకోకు. దాని ముంగిటి ఆవరణలో చిన్న ప్రార్థనామందిరాలు, స్నానశాల, బావి, మాంసం కొట్లు, స్ట్రాషున్ గ్రంథాలయం ఉండేవి. విల్నా గావోన్‌గా పేరుపొందిన పండితుడు ఎలియా (1720-1797) ప్రార్థనామందిరమూ అక్కడే. కొచ్చిలోని మట్టాంచేరి సినగాగ్‌లో ఇత్తడి కమ్మీల వేదిక చూసి వెళ్లావు కదా, ఆ కొలతతో దీన్ని ఊహించుకోకు. ఇక్కడ కప్పును మోసే నాలుగు భారీ స్తంభాలు, వాటి నడుమ యూదుల ధర్మగ్రంథం తోరా చదివే రెండంతస్తుల వేదిక. దాన్ని ‘బిమా’ అంటారు.

కాగితాల వేటలో ఊరి పేరును విల్నియస్, విల్నో, విల్నా, విల్నే అని నాలుగు రకాలుగానూ వెతుకు. పాలకులు మారిన కొద్దీ భాష మారింది: పోలిష్, రష్యన్, జర్మన్, లిథువేనియన్, వీటన్నిటి పక్కన యిడ్డిష్, హీబ్రూ. రష్యన్ కాలపు కాగితాలకు లిథువేనియా రాష్ట్రీయ చారిత్రక అభిలేఖాగారానికి, 1918 తర్వాతి వాటికి కేంద్ర అభిలేఖాగారానికి వెళ్లు. ఘెట్టో ఖైదీలు ప్రాణాలకు తెగించి దాచిన పుస్తకాలు, పత్రాల్లో కొంత భాగం న్యూయార్క్‌లోని యూదు పరిశోధన సంస్థ యీవోకు చేరింది.

తేదీల దగ్గర జాగ్రత్త. రష్యా పాత జూలియన్ క్యాలెండర్ వాడేది కాబట్టి రష్యన్ కాగితాల్లో 19వ శతాబ్దపు తేదీకి 12 రోజులు, 20వ శతాబ్దపు తేదీకి 13 రోజులు కలపాలి. 1795కు ముందటి పోలిష్ కాగితాలకు ఈ సవరణ అక్కర్లేదు, కలిపితే తప్పవుతుంది. యూదుల సంవత్సరం 5556 అని ఉంటే 3760 తీసేస్తే 1796 వస్తుంది. శరదృతువులో వాళ్ల కొత్త ఏడు మొదలైనప్పటి నుంచి డిసెంబరు చివరిదాకా అయితే 3761 తియ్యాలి.

తప్పులు ఎక్కువ దొర్లేది ఫోటోల దగ్గరే. పైలిమో వీధిలో 1903 నాటి కోరల్ సినగాగ్ ఇప్పటికీ నిలిచి ఉంది. దాని బొమ్మకు మహా సినగాగ్ అని పేరు పెట్టి తిప్పుతుంటారు. నాలుగు స్తంభాల మధ్య వేదిక కనబడితేనే నమ్ము. గాజు నెగటివ్‌లను తిరగేసి అచ్చువేసిన ఫోటోలూ ఉంటాయి. గోడమీది హీబ్రూ అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉన్నాయేమో చూడు. అక్షరాలు ఆనకపోతే, తోరా చుట్టలు ఉంచే మందసం మీది పది ఆజ్ఞల పలకలు చూడు, మొదటి అయిదూ కుడివైపు ఉండాలి.

ఫోటోలోంచి కొలతలు తీయాలంటే నిజం కొలత తెలిసిన వస్తువు ఒకటి కావాలి. మహా సినగాగ్ నుంచి మిగిలినవి మూడు: మందసం తలుపు, చదువరి బల్ల, పది ఆజ్ఞల శిల్పఫలకం. మూడూ విల్నా గావోన్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. ముందే అనుమతి అడిగి మిల్లీమీటర్లలో కొలుచుకో. తలుపు కొలత మందసం ఉన్న గోడకే పనికొస్తుంది. అదే లెక్కతో ముందున్న స్తంభాన్ని కొలిస్తే, కెమెరాకు దగ్గరగా ఉన్నందుకు, అసలుకన్నా లావు తేలుతుంది.

తవ్వకాల నివేదికలు వరసగా చదువు. 2015లో భూమిలోకి రాడార్ తరంగాలు పంపి చూశారు. ఆ తర్వాతి తవ్వకాల్లో స్నానశాల ఆనవాళ్లు బయటపడ్డాయి. 2018లో బడి కట్టడం కిందే వేదిక అడుగుభాగం దొరికింది. 2019లో 1796 నాటి హీబ్రూ శాసనం వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు తమ తల్లిదండ్రుల పేరిట వేయించిన శాసనమది. రాడార్ బొమ్మల్ని మాత్రం ఆధారం గడిలో రాయకు. భూమి లోపల పదార్థం ఎక్కడ మారిందో అది చెబుతుంది, అక్కడున్నది గోడో పూడిన శిథిలాల కుప్పో తవ్వితేనే తేలుతుంది. రాడార్ చూపించింది, తవ్వితే దొరికింది అని రెండు వరసలు పెట్టు.

ప్రతి బొమ్మ కింద తీసిన సంవత్సరం, తీసినవారు, ఇప్పుడు ఎక్కడుంది, తిరగేసి సరిచేశావా లేదా అన్న నాలుగూ ఉండాలి. ముందు పట్టిక పంపు, వ్యాసం తర్వాత చదువుతాను. నడి చలికాలంలో అక్కడ నాలుగింటికే పొద్దు గుంకుతుంది. స్థలంలో కొలతలు, ఫోటోలు వేసవిలోనే ముగించుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న