మేజోళ్లు అల్లబోయే మేనకోడలికి

అమ్మాయ్,

డిసెంబరులో మీ నాన్న ఎడిన్‌బరో వచ్చేసరికి ఊలు మేజోళ్లు అల్లి పెడతానన్నావట, అదీ జడల డిజైను, చిల్లుల లేసు అల్లిక రెండూ కలిపి. వాడు ఫోన్లో చెప్తుంటే పొంగిపోయాను. తెల్లారేసరికి భయం పట్టుకుంది.

నైలాన్ కలిసిన ఊలు కొను, లేకపోతే మడమ దగ్గర తొందరగా చిరుగుతుంది. సూదులు రెండున్నర మిల్లీమీటర్లవి చాలు. లేసు మొదలుపెట్టే ముందు ఆ వరస కుట్లన్నిట్లో వేరే రంగు దారం దూర్చి ఉంచు. తప్పు పోతే అక్కడిదాకే విప్పుకోవచ్చు.

ఇక అసలు సంగతి. మీ మామ మిలిటరీలో ఉండగా డెహ్రాడూన్‌లో పక్క క్వార్టర్సు ఆమె దగ్గర అల్లిక నేర్చుకున్నాను. ఒక చలికాలం మా నాయన కావలిలో రైలెక్కి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. 64 కుట్లతో సాదా మేజోళ్లు అల్లితే సరిగ్గా పట్టాయి. నమూనా ముక్క అల్లి చూడకుండా అదే లెక్కతో రెండో జతకి చుట్టూ జడలు వేశాను, అరికాలి కింద కూడా. కుట్లను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తే అల్లిక లోపలికి లాక్కుపోతుంది కదా, మడమ దగ్గర ఎక్కలేదు. "నా బిడ్డ అల్లింది" అంటూ గుంజి గుంజి తొడుక్కున్నాడు. నాలుగు రోజులు విప్పలేదు. ఆయనకి షుగరు, పాదాల్లో స్పర్శ తక్కువ. ఐదో రోజు నీళ్లు పోద్దామని నేనే విప్పితే, అరికాల్లో జడ ఒత్తినచోట బొబ్బ చితికి పుండయి ఉంది. ఆయనకి తెలియనే లేదు. మానడానికి రెండు నెలలు పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు నాయన. అంటే బాగుండేది.

మీ నాన్నకీ షుగరే. అందుకే గట్టిగా చెప్తున్నాను, అరికాలు సాదాగా అల్లు. జడలూ లేసూ పాదం పైభాగానికే. జడ బిగిస్తుంది, లేసు సాగుతుంది. రెండు జడల మధ్య లేసు పట్టీ నడిపితే ఆ బిగువు కొంత సర్దుకుంటుంది, నీ డిజైను నాకు నచ్చింది అందుకే. అయినా నాలుగంగుళాల నమూనా అల్లి, తడిపి, ఆరాకే కుట్లు లెక్కపెట్టు. పై అంచు వదులుగా ఉండాలి. చదువు మానుకుని రాత్రిళ్లు మేలుకోవద్దు బంగారం, ఒక కాలిదే పూర్తయినా వాడు మురిసిపోతాడు.

పాదం కొలత మీ నాన్ననడిగితే చెప్పుల నంబరు చెప్తాడు. మడమ మీంచి పాదం పైకి ఏటవాలుగా చుట్టూ కొలవాలి, వెడల్పు ఎక్కువుండేది అక్కడే. ఆదివారం నేనే ఒంగోలు వెళ్లి టేపు పెట్టి కొలిచి పంపిస్తాను. అప్పటిదాకా మేజోళ్లకి కుట్లు ఎత్తి అల్లిక మొదలుపెట్టొద్దు.

మీ అత్త