గాయపడిన ఆటగాడి జీతం: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఒక జట్టు కార్యాలయంలో జీతాల లెక్కలు చూసే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఉద్యోగ జీవితమంతా బీమా క్లెయిముల మధ్య గడిపినవాణ్ణి, ఆ ఆటను కూడా అంతే శ్రద్ధగా చూస్తున్నవాణ్ణి గనుక, ఆటగాడు గాయపడినప్పుడు జట్టు ఖాతాల్లో ఏం జరుగుతుందో, అప్పుడు నువ్వు ఏమేం చూసుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ఎన్‌బీఏ ఒప్పందాలు చాలావరకు పూర్తి హామీ ఉన్నవే. ఆటగాడు ఆడినా, ఆడలేకపోయినా జీతం ఇవ్వవలసిందే. ఆ జీతం మూడు చోట్ల లెక్కకు వస్తుంది: యజమాని చెల్లించే నగదులో, శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి), లగ్జరీ ట్యాక్స్‌లో (జీతాలు ఇంకా పైనున్న మరో పరిమితిని దాటితే లీగ్‌కు కట్టే పన్ను). గాయం తర్వాత దొరికే ఊరట ఒకచోట భారం తగ్గించినా, మరోచోట దాన్ని అలాగే వదిలేస్తుంది. అందువల్ల నీ పట్టికలో ఈ మూడు గడులను ఎన్నడూ కలపవద్దు. సమావేశంలో ఎవరైనా “బీమా ఉంది కదా” అంటే, ఏ గడి గురించి మాట్లాడుతున్నారో వెంటనే అడుగు.

బీమా నగదు గడికి మాత్రమే చెందినది. లీగ్ ఏర్పాటు చేసిన పాలసీ ప్రకారం ఆటగాడు వరుసగా 41 ఆటలకు దూరమైతేనే, ఆ తర్వాతి ఆటలకు అతని జీతంలో 80 శాతం వెనక్కి వస్తుంది. 3 కోట్ల డాలర్ల జీతమున్న ఆటగాడు 82 ఆటల సీజన్ మొత్తానికీ దూరమయ్యాడనుకో. మొదటి సగం, అంటే కోటిన్నర, పూర్తిగా జట్టుదే. రెండో సగంలో 1.2 కోట్లు బీమా సంస్థ ఇస్తుంది. జట్టుకు మిగిలే భారం 1.8 కోట్లు. అయితే ఆ సంవత్సరం క్యాప్‌లోనూ, ట్యాక్స్ లెక్కలోనూ 3 కోట్లూ అలాగే నిలిచి ఉంటాయి. పాలసీలో మినహాయింపుల పేజీని కూడా తప్పక చదువు. 2010లో న్యూయార్క్ నిక్స్ ఐదేళ్లకు దాదాపు 10 కోట్ల డాలర్లకు అమారే స్టౌడెమైర్‌ను తీసుకున్నప్పుడు, అంతకుముందే శస్త్రచికిత్సలు జరిగిన అతని మోకాళ్లకు బీమా దొరకలేదు.

ఇక డిసేబుల్డ్ ప్లేయర్ ఎక్సెప్షన్, అంటే క్యాప్ దాటి ఉన్నా గాయపడినవాడికి బదులు మరొకర్ని తెచ్చుకునే వెసులుబాటు. ఆటగాడు జూన్ 15 లోపు తిరిగి ఆడే అవకాశం లేదని లీగ్ తరఫు వైద్యులు తేలిస్తే, అతని జీతంలో సగం, లేదా మిడ్ లెవెల్ ఎక్సెప్షన్ (క్యాప్ దాటిన జట్లకు ఏటా దొరికే మరో వెసులుబాటు) మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు మరొక ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. దరఖాస్తుకు జనవరి 15, వినియోగానికి మార్చి 10 గడువులు. 2020 నవంబరులో గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్‌కు అకిలిస్ టెండన్ (మడమ వెనుక ఉండే స్నాయువు) తెగింది. 2019 వేసవిలో మోకాలి గాయంతో ఉండగానే అతను ఐదేళ్లకు 19 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ సంవత్సరం జీతం 3.5 కోట్లు దాటినా, జట్టుకు ఎక్సెప్షన్ కింద దక్కింది సుమారు 93 లక్షల డాలర్లే. అది కొనుగోలుకు అనుమతి తప్ప, డబ్బు కాదు. దానితో తెచ్చుకున్నవాడి జీతం కూడా ట్యాక్స్ లెక్కలో చేరుతుంది. అదే సమయంలో వారియర్స్ వేరొక ట్రేడ్ ఎక్సెప్షన్‌తో (ముందు ఒక ఆటగాణ్ణి వేరే జట్టుకు ఇచ్చినందుకు దక్కిన వెసులుబాటుతో) కెల్లీ ఊబ్రేను తెచ్చుకున్నారు. అతని జీతం 1.44 కోట్లు. అప్పటికే ట్యాక్స్ పరిమితిని బాగా దాటి ఉన్నందున, అతనివల్ల అదనంగా పడే పన్ను దాదాపు 6.8 కోట్లని ఆనాటి అంచనా. ఖాళీని పూరించడానికి తెచ్చుకున్న ఒక్క మనిషి ఖరీదు 8 కోట్ల డాలర్లు దాటిందన్నమాట! నీ యజమాని ముందు పెట్టే కాగితంలో జీతం పక్కనే ఈ రెండో సంఖ్య కూడా ఉండి తీరాలి.

2023లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం తర్వాత, జీతాల మొత్తంపై ట్యాక్స్ పరిమితికి కూడా పైన సెకండ్ ఏప్రన్ అనే గీత వచ్చింది. దాన్ని దాటిన జట్టుకు ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, ఇద్దరి జీతాలను కలిపి పంపే వీలు లేదు. మంచం మీద ఉన్న ఆటగాడి జీతం కూడా ఆ గీత లెక్కలోకి వస్తుంది. 2025 మేలో తమ ఆటగాడు జేసన్ టేటమ్ గాయపడ్డాక, ఆ వేసవిలోనే బోస్టన్ సెల్టిక్స్ జ్రూ హాలిడేనూ, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌నూ వదులుకుని గీత కిందికి దిగారు.

అదే వేసవిలో మిల్వాకీ బక్స్ మరో దారి పట్టారు. అకిలిస్ గాయమైన డామియన్ లిల్లార్డ్‌ను వేవ్ చేసి (జట్టు నుంచి వదిలేసి), అతనికి రావలసిన సుమారు 11.3 కోట్లను స్ట్రెచ్ నిబంధన కింద విస్తరించారు. మిగిలిన ఏళ్లకు రెట్టింపు, దానిపై మరొకటి అన్నది సూత్రం. రెండేళ్లు మిగిలాయి గనుక ఐదేళ్లు, ఏటా దాదాపు 2.25 కోట్లు. మైల్స్ టర్నర్‌ను తీసుకోవడానికి చోటు దొరికింది, నిజమే. కానీ తమకు ఆడని మనిషి పద్దు ఐదేళ్లపాటు పుస్తకంలో ఉంటుంది. నన్నడిగితే ఇది చిట్టచివరి మార్గంగానే ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా నడవవలసినది గాయంతో ఆట ముగిసిపోయే సందర్భంలో. ఆటగాడు చివరిసారి ఆడిన ఏడాది తర్వాత, అతను ఇక ఆడలేడని స్వతంత్ర వైద్యులు నిర్ధారిస్తే, జీతం చెల్లిస్తూనే దాన్ని క్యాప్ నుంచి తొలగించుకోవచ్చు. 2008లో పోర్ట్‌లాండ్ ట్రయిల్ బ్లేజర్స్ మోకాలి గాయమైన డేరియస్ మైల్స్ విషయంలో అలాగే చేశారు. అతను పట్టు వదలక మెంఫిస్‌లో చేరి మళ్లీ ఆడాడు. అప్పటి నిబంధన ప్రకారం పదో ఆటతో, రెండు సీజన్లకు కలిపి 1.8 కోట్ల డాలర్లు తిరిగి పోర్ట్‌లాండ్ పద్దులో పడ్డాయి. అతణ్ణి తీసుకుంటే దావా వేస్తామని ఆ జట్టు మిగతా జట్లకు హెచ్చరిక పంపి, ఆటగాళ్ల సంఘం ఆగ్రహానికి గురైంది. తర్వాత ఆ పరిమితిని 25 ఆటలకు పెంచారు. మయామి హీట్‌లో క్రిస్ బాష్ రక్తం గడ్డకట్టే జబ్బుతో 2016 ఫిబ్రవరిలో చివరిసారి ఆడాడు. తనకు ఆడాలని ఉన్నా ఆ సెప్టెంబరులో జట్టు వైద్య పరీక్ష నెగ్గలేకపోయాడు. లీగ్‌తోనూ, ఆటగాళ్ల సంఘంతోనూ మాట్లాడుకున్నాక, 2017 జులైలో గానీ హీట్ క్యాప్ నుంచి అతని జీతం తొలగలేదు. నాయనా, ఇటువంటి వేళ వైద్యుడి గదికి నువ్వు ఫోను చేయవద్దు, ఎవరిచేతా చేయించవద్దు. ఒక మనిషి ఇక ఆడలేడన్న తీర్పు కోసం క్యాప్ పట్టిక ఎదురుచూడవచ్చు గానీ, ఆ తీర్పును తొందరపెట్టకూడదు. అతను తిరిగి వస్తాడన్న లెక్క ఒకటి, రాడన్న లెక్క ఒకటి, రెండూ ముందే సిద్ధం చేసి ఉంచు.

కొత్త ఒప్పందం రాసేటప్పుడు 2017లో జోయెల్ ఎంబీడ్‌తో ఫిలడెల్ఫియా రాసుకున్న పొడిగింపును ముందు పెట్టుకో. అప్పటికి అతను ఆడినవి 31 ఆటలే. ఐదేళ్లకు దాదాపు 14.8 కోట్లు ఇస్తూనే, పాత పాదం, వెన్ను గాయాలు తిరగబెట్టి ఎక్కువ ఆటలు పోతే తక్కువ మొత్తంతో వదులుకునే హక్కును జట్టు అట్టే పెట్టుకుంది. ఏ అవయవం, ఎన్ని ఆటలు, ఏ తేదీ అన్నవి ఒప్పందంలోనే స్పష్టంగా ఉండేలా న్యాయవాదిని అడుగు. నీకు ముసాయిదా పంపినప్పుడు ఆ పేరానే ముందు చదువు.

ఇట్లు,
మీ మామయ్య